రెండు వరుసల్లో ఒకటే చూపించాను

కో తాన్ దొంగ కాదు. అతన్ని దొంగ అన్నది నేను. మా సంఘం హాల్లో, పూజ ముగిసి అందరూ ప్రసాదం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, లేచి నిలబడి అన్నాను. కొద్ది వారాలకే అతను దొంగ కాదని తెలిసింది. అనుమానంగా కాదు, రుజువుతో తెలిసింది. తెలిసి కూడా నోరు విప్పలేదు. ఇదీ నా తప్పు. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగే మాటలే.

ఏళ్ళ తరబడి దీన్ని మోశాను. మోశాను అంటే కూడా గొప్ప చెప్పుకున్నట్టే ఉంది. మోసేవాళ్ళని నేను చూశాను. మా నాన్న సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆ బరువు ఓడలోకి చేరగానే దిగిపోయేది, సాయంత్రానికి మనిషి తేలికై ఇంటికి వచ్చేవాడు. నాది అలా దిగే రకం కాదు. పైగా దాన్ని ఎత్తుకోమని నాకెవరూ చెప్పలేదు.

నా పేరు రాయను. ఒకప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో మిగిలిన తెలుగువాళ్ళం ఒకరినొకరం నడకను బట్టి గుర్తుపట్టేంత కొద్దిమందిమి. డెబ్భై దాటినవాణ్ణి. చిన్నప్పుడు మా వాళ్ళు గుంపులు గుంపులుగా ఓడలెక్కి వెళ్ళిపోతుంటే రేవులో నిలబడి చూసినవాణ్ణి. ఎవరు ఏ ట్రంకు పెట్టె మోసుకెళ్ళారో ఇప్పటికీ చెప్పగలను. బడి మధ్యలోనే ఆగిపోయింది. బర్మీస్ దుకాణాల బోర్డుల మీద, ఇంగ్లీషు సరుకు పెట్టెల మీద, తెలుగు మా అమ్మ దాచుకున్న పాత పంచాంగాల్లో నేర్చుకున్నాను. కంప్యూటరు అరవై దాటాక నేర్చుకున్నాను. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటాను. చూడండి, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని మీకు కూడా చెప్పేశాను.

కో తాన్ ఎవరో చెప్పాలి. తండ్రి బర్మీయుడు, పజుందాంగ్ వాగులో పడవ నడిపేవాడు. తల్లి పోలమ్మ మా వాళ్ళ ఆడపిల్ల, చిమిండైంగ్ బజారులో ఎండుచేపలు అమ్మేది. తాకేటాలో ఇల్లు. ఇంట్లో అందరూ ఉంటే బర్మీస్, తల్లీకొడుకులు ఇద్దరే ఉంటే తెలుగు. అతనికి సింహాచలం అని ఇంకో పేరుంది. ఆ పేరుతో పిలిచింది తల్లి ఒక్కతే. నగరంలో ఒక దుకాణంలో ప్రింటర్లు బాగుచేస్తాడు. నాకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్న. నన్ను బాబాయ్ అనేవాడు.

అతన్నీ నన్నూ కలిపింది ముసలివాళ్ళ గొంతులు. మా వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పిల్లలకి అర్థమవుతుంది, నోరు రాదు. ఈ మాట సంఘంలో ఎన్నిసార్లు అన్నానో. వాళ్ళు పండక్కి పెద్ద సౌండు పెట్టెలు కొన్నారు కానీ, ఒక రికార్డరు కొందామంటే ఆలోచిద్దాం అన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. అప్పుడు కో తాన్ వచ్చాడు, తన ఫోను చాలన్నాడు. ఇద్దరం ఆదివారాలు బస్సెక్కి తాకేటా, చిమిండైంగ్ తిరిగాం. రేవు పాటలు, జోల పాటలు, ఊరకే చెప్పుకున్న కబుర్లు. ఆ తర్వాత అతను నా గదికి వచ్చేవాడు. వాటిని కంప్యూటర్లో పెట్టేవాడు. నేను విని తెలుగులో రాసేవాణ్ణి. మధ్యమధ్య అతనికి అక్షరాలు దిద్దించేవాణ్ణి. మాట వచ్చు గానీ రాత రాదు అతనికి.

ఆ కంప్యూటరు ఏదో ఆఫీసు వదిలేసిన పాతది. కో తాన్ అందులో లైనక్సు వేశాడు, యంత్రాన్ని నడిపించే ఉచిత సాఫ్ట్‌వేరు అది. అందులో మనిషికొక ఇల్లు ఉంటుంది. అవును, దాన్ని ఇల్లు అనే అంటారు. నా రాతలూ నా పాటలూ నా ఇంట్లో, అతనివి అతని ఇంట్లో. ఎవరి తలుపుకి వాళ్ళ తాళం. పెట్టినవాడు అతను కాబట్టి ముందు అతని పేరు, తర్వాత నా పేరు. కంప్యూటరు తెరవగానే వరుసగా రెండు పేర్లు కనిపించేవి. పైన అతనిది. కింద నాది.

నవ్వుతారేమో, అది నాకు గుచ్చుకునేది. మా సంఘంలో పిలుపు కాగితం వేసినా, మంచినీళ్ళ తొట్టి మీద పేర్లు చెక్కించినా పెద్దవాడి పేరే ముందు. డబ్బిచ్చింది ఎవరైనా సరే. అది మా పద్ధతి. ఆ అబ్బాయికి తెలియక పెట్టాడని సరిపెట్టుకునేవాణ్ణి. రోజూ సరిపెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు వానల్లో పోలమ్మ చనిపోయింది. వానలు వెనకబట్టాక కో తాన్ పని మీద మౌల్మైన్ వెళ్ళాడు. అతను అక్కడుండగానే పాత కంప్యూటరు నీరసించింది. నేనొక సెకండుహ్యాండుది సంపాదించాను. అతనొచ్చేదాకా ఆగవచ్చు. ఎందుకాగాలి? నాకు రాదా? కొత్తదాంట్లో లైనక్సు నేనే వేశాను. ముందు నా పేరు చేర్చాను. తర్వాత అతని పేరు. పద్ధతి ప్రకారం. పాత డిస్కు తగిలించి రెండు ఇళ్ళనీ ఇందులోకి మార్చాను. యజమాని గుర్తులు చెదరకుండా నకలు తీసే పద్ధతి ఒకటి ఉంది, అదే వాడాను. అది నాకు తెలుసని ఎంత పొంగిపోయానో.

నా పేరు నొక్కి, రహస్యపదం కొట్టాను. తెర నల్లబడింది. మళ్ళీ పేర్ల దగ్గరికే వచ్చి నిలబడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. తప్పు కొట్టానేమోనని ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాను. బొమ్మలు లేని నల్లతెరలోకి వెళ్ళి అడిగితే పర్మిషన్ డినైడ్ అంది. నా ఇంట్లోకి నాకు అనుమతి లేదట. నా పాటలు, నా రాతలు, నేను పేరు పెట్టుకున్న నా గది. నకలు చెడిందేమోనని అంతా చెరిపి మళ్ళీ తీశాను. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ తీశాను. అదే మాట. డిస్కుని తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను, కరెంటు వాళ్ళని తిట్టాను. తిట్టడానికి మనిషి కరువైతే గోడని తిట్టాను.

అప్పుడు ఏ ఇల్లు ఎవరిదో చూపించమని అడిగాను. రెండే రెండు వరుసలు వచ్చాయి. నా ఇంటి ఎదురుగా యజమాని కో తాన్ అని ఉంది. కో తాన్ ఇంటి ఎదురుగా యజమాని నేను అని ఉంది.

ఆ రెండు వరుసలూ మీ ముందు పెట్టాను. మీకేమనిపిస్తోంది? ఎక్కడో తారుమారైందని చిన్నపిల్లాడికైనా తోస్తుంది. నాకూ తోచింది. తోచి ఉండాలి. కానీ నా కళ్ళు పై వరుస దగ్గరే ఆగిపోయాయి. నాదంతా అతని పేరున ఉంది. వెళ్ళేముందు ఈ పని చేసి వెళ్ళాడన్నమాట. పేరు పైన పెట్టుకున్నప్పుడే నాకు తెలియాలి. కోపం వచ్చినప్పుడు మనిషి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో. ఏనాడో జరిగినవన్నీ తీసుకొచ్చి వరుసలో నిలబెడుతుంది.

కింది వరుసతో నేను చేసింది వేరు. అతని ఇల్లు నా పేరున ఉంది కదా, తెరుచుకుంటుందేమో చూశాను. తెరుచుకుంది. తాళం బద్దలు కొట్టలేదు, తలుపు తీసే ఉంది, అందుకే వెళ్ళాను. అలా అని చాన్నాళ్ళు చెప్పుకున్నాను. తలుపు తీసి ఉన్న ఇళ్ళన్నిట్లోకీ వెళ్తామా?

అందులో అమ్మ అని నేను దిద్దించిన అక్షరాలతోనే పేరు పెట్టిన ఫోల్డరు ఒకటి ఉంది. పోలమ్మ మంచాన పడ్డాక ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకున్నాడు. అది సంఘం కోసం కాదు, పాటలు కావు. విన్నాను. మనిషి ఆయాసపడుతూ మాట్లాడుతోంది. దగ్గుతోంది. కొడుక్కి వంట చెబుతోంది. "ఒరే సింహాచలం, గోంగూరలో ఎండురొయ్యలు ఆకర్న ఎయ్యాల. ముందే ఎయ్యకు." మధ్యలో వాన చప్పుడు. తర్వాత ఇంకో మాట. "ఆ బాబాయి కాడికి ఎల్డం మానకు. మనిసి నోరే గరుకు. ఆడికి ఎవులూ నేరు. నువ్వు కూడా మానేస్తే ఆడితో మాటాడీ నాదుడు నేడు."

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

నా భార్య చనిపోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఇది అందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. కానీ కో తాన్ నా దగ్గరికి ఎందుకొస్తున్నాడంటే, నాకు తెలిసిన విషయాల కోసం అనుకున్నాను. నా జ్ఞాపకం కోసం, నా తెలుగు కోసం. పెద్దవాడినని. గురువునని కూడా అనుకున్నాను, దాచడం దేనికి. ఎండుచేపలు అమ్ముకునే మనిషి జాలిపడి, పోనీలే పాపమని కొడుకుని నా దగ్గరికి పంపుతోందన్నమాట. ఒక గిన్నెలో కూర పోసి పక్కింటికి పంపినట్టు.

ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. కో తాన్ నావి కాజేశాడని నిజంగా నమ్మానా? సగం నమ్మాను. మిగిలిన సగానికి పోలమ్మ మాట చాలింది. దొంగ అనడానికి నాకొక కారణం కావాల్సి వచ్చింది, యంత్రం ఇచ్చింది. ఎవరూ లేరన్న మాట నిజం కాబట్టి దాన్ని తిట్టలేను. చనిపోయిన మనిషిని తిట్టలేను. కొడుకు మిగిలాడు.

తెర మీది వరుసని ఫోనుతో ఫోటో తీశాను. ఒక వరుసనే. కింది వరుస పడకుండా ఫోను పైకి జరిపాను. చెయ్యి వణికిందని, రెండోది ఎలాగో తప్పిపోయిందని చెప్పడానికి లేదు. జరిపాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా ఇంత స్పష్టంగా చెప్పుకోలేదు. ఆ తర్వాత, కంప్యూటరు పెత్తనం నాదే కాబట్టి, రెండు ఇళ్ళనీ నా పేరున రాసేసుకున్నాను. ఒక్క ఆజ్ఞతో. ఇక నా తలుపు తెరుచుకుంది. అతనిది అతనికి మూసుకుపోయింది.

కో తాన్ తిరిగొచ్చిన ఆదివారం సంఘంలో పూజ. మౌల్మైన్ నుంచి పంపరపనస కాయలు తెచ్చాడు. సంచి నా పక్కనే పెట్టి, పెద్దది మీకే బాబాయ్ అన్నాడు. నేను లేచాను.

"మా పాటలన్నీ నీ పేరున రాసీసుకున్నావేటి?" అన్నాను.

ఏదో వేళాకోళం అనుకుని నవ్వాడు. "ఏటి బాబాయ్, మీ పేరుకంటే నా పేరు బాగున్నాదా?"

"నవ్వకు. సగం తెలుగోడివి, మొత్తం మూట కట్టుకుపోదామనుకున్నావు."

సంఘం పెద్ద అప్పన్న, బర్మా మర్యాదతో ఊ అప్పన్న అంటాం, ఫోను అడిగి తీసుకుని, కళ్ళకి దూరంగా పట్టుకుని చూశాడు. "ఈ మిసన్ల సంగతి నాకెరిక నేదు. ఈడి పేరు మాత్రం కనిపిస్తన్నాది," అన్నాడు.

కో తాన్ కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది నాను సెయ్యనేదు. ఎలాగయిందో సూత్తాను. ఒక్కపాలి మిసను కాడికి రానివ్వండి."

"నీ సెయ్యి దాని మీద పడనివ్వను."

రానిస్తే ఒక నిమిషంలో కనిపెట్టేవాడు. ఆ సంగతి నాకు తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను. అందుకే రానివ్వలేదు.

అతని ముఖం అప్పుడు మారింది. సగం తెలుగోడు అన్నప్పుడు కూడా అంత మారలేదు. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినిపించేట్టు అడిగాడు. "పాటలు ఉంచీసుకోండి బాబాయ్. మా యమ్మ మాట ఒక్కటీ ఇచ్చీండి. నా పాత ఫోను వానలో తడిసి పాడయిపోనాది. ఇంకెక్కడా నేదు."

"నీదేదో నాదేదో తేలినాక సూద్దాం," అన్నాను.

వెళ్ళిపోయాడు. సంచి అక్కడే ఉండిపోయింది. అందరూ తలో కాయ పట్టుకెళ్ళారు. పెద్దది నేను తెచ్చుకున్నాను. తిన్నాను కూడా. తియ్యగా ఉంది.

ఆ తర్వాత కొద్ది వారాలకి ఒక పాట కనిపించక, బీరువాలోంచి పాత డిస్కు తీసి తగిలించాను. మార్చిన రోజు నుంచి అది అక్కడే ఉంది, నా బట్టల కింద. ఎవరూ ముట్టలేదు. అందులో ఏ ఇల్లు ఎవరిదని అడిగితే మళ్ళీ ఆ రెండు వరుసలే వచ్చాయి. నాది కో తాన్ పేరున, అతనిది నా పేరున. ఇదే డిస్కు పాత కంప్యూటర్లో ఉన్నప్పుడు ఎవరిది వాళ్ళకే చూపించేది. డిస్కు మారలేదు. మారింది చూసే యంత్రం. పేర్లు వద్దు, అసలు గుర్తులు చూపించమని అడిగాను. నంబర్లు వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాన్న మెడలో ఇత్తడి బిళ్ళ ఉండేది. రేవులో మేస్త్రీ పేరు పెట్టి పిలవడు, బిళ్ళ నంబరు పెట్టి పిలుస్తాడు. ఈ కథ నేను కో తాన్‌కి ఎన్నోసార్లు చెప్పాను. ఒకసారి అలా చెబుతుండగా మధ్యలో అతనేదో అన్నాడు. ఈ మిసనుకి కూడా పేరుతో పని లేదు బాబాయ్, మీ నాయన బిళ్ళలాగే లోపల నంబరు ఉంటుంది, మొదట చేర్చినవాడికి మొదటిది, తర్వాతవాడికి తర్వాతది, పేరు మనకోసం పైకి చూపిస్తుందంతే, అని. నేను కథ చెబుతున్నాను కదా, అడ్డురావద్దన్నాను. ట్రంకు పెట్టెలు గుర్తున్నవాడికి అది గుర్తులేకపోయింది.

పాతదాంట్లో మొదటివాడు అతను, రెండోవాణ్ణి నేను. కొత్తదాంట్లో నా పేరు ముందుండాలని నేను మొదటివాణ్ణయ్యాను. ఫైళ్ళు మాత్రం పాత బిళ్ళలే కట్టుకుని వచ్చాయి. మొదటి నంబరువన్నీ నావనీ రెండో నంబరువన్నీ అతనివనీ కొత్త యంత్రం నమ్మింది. అంతే. ఎవరూ ఏదీ కాజేయలేదు. తారుమారు చేసింది నా పెద్దరికం.

ఆ రోజే చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. అప్పటికే సంఘం వాళ్ళు హాల్లో గోడకి ఒక బోర్డు పెట్టారు, ఈ గొంతులు సేకరించినది ఫలానా అని. నా పేరొక్కటే. పెయింటు ఆరని బోర్డు కింద నిలబడి తప్పు నాదేనని ఎలా అనను? తర్వాత ఊ అప్పన్నకి ఒంట్లో బాగాలేదు, ఇప్పుడెందుకన్నాను. తర్వాత ఆయన చనిపోయాడు, ఇక ఎవరికి చెప్పాలన్నాను. చెప్పాల్సింది ఆయనకి కాదని తెలుసు. తాకేటా ఎంత దూరం? వాగు మీద వంతెన దాటితే తాకేటాయే.

ఒకసారి తాకేటా బస్సులో కో తాన్ కనిపించాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. నన్ను చూసి సీట్లోంచి లేచాడు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ఆ సీట్లో కూర్చున్నాను. ఏం చేయాలి మరి? నిలబడి ఉండాల్సింది. అప్పుడే, అందరి ముందూ చెప్పి ఉండాల్సింది. కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది.

ఇంకొకటి చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పోలమ్మ మాటలు నేను వింటూ వచ్చాను. తరచుగా. మొదట్లో ఆ ఒక్క మాట మీద కోపంతో విన్నాను. తర్వాత కోపం పోయింది, వినడం మిగిలింది. కరెంటు వచ్చిన గంటల్లో అన్నం వండుకుంటూ పెట్టుకునేవాణ్ణి. గదిలో ఒక మనిషి దగ్గుతూ, గోంగూర గురించి చెబుతూ ఉంటే బాగుండేది. గోంగూర అలాగే వండుకున్నాను, రొయ్యలు ఆఖర్న వేసి. కన్నకొడుక్కి దక్కకుండా చేసిన గొంతుతో నేను కాలక్షేపం చేశాను. ఆమె చెప్పింది నిజమైంది. నాతో మాట్లాడే నాథుడు లేడు. ఆమె తప్ప.

ఈ మధ్య డిస్కు చప్పుడు చేయడం మొదలైంది. లోపల ఎవరో గోరుతో గీకినట్టు. ఆ చప్పుడు నాకు తెలుసు, బీరువాలోని పాత డిస్కు పోయేముందు అలాగే చేసింది. ఇది పోతే ఇంకెక్కడా లేదు. అతను ఆ మాట అన్నప్పటి ముఖం నాకు గుర్తుంది. గుర్తుంచుకోవడమే కదా నా విద్య.

చిన్న డిస్కు ఒకటి తెచ్చి, అతని ఇల్లంతా అందులోకి ఎత్తాను. ఈసారి జాగ్రత్తగా. నా పేరు తీసేసి, ఒక్కో ఫైలునీ కో తాన్ పేరున రాశాను. తాళం కూడా వేశాను, అతను తప్ప ఇంకెవరూ తెరవకుండా. రెండుసార్లు సరిచూశాను. ఆ వరుసలో అతని పేరు ఉంది. ఎంత కాలానికి ఒక పని సవ్యంగా చేశాననిపించింది.

తర్వాత ఫోను ముందు కూర్చుని నా గొంతు రికార్డు చేశాను. ఎంతమంది ముసలివాళ్ళని మాట్లాడించానో, నా గొంతు ఎప్పుడూ పట్టుకోలేదు. మూడు ముక్కలు మాట్లాడి ఆపేశాను, మళ్ళీ మొదలుపెట్టాను. నంబర్ల సంగతి చెప్పాను. ఫోటోలో రెండో వరుస వదిలేసింది కావాలనే అని చెప్పాను. తెలిశాక కూడా దాచానన్నాను. మీ అమ్మ నా గురించి అన్నది విన్నాను, జాలిపడి వస్తున్నావని తెలిసి ఓర్చుకోలేక ఆ మాట అన్నాను, సగం తెలుగోడివని, అని చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సిన పని అతని మీద పడుతుంది. నేను రావచ్చా అని మాత్రం అడిగాను, చివర్లో, చిన్నగా. అడగకుండా ఉండాల్సింది.

బస్సెక్కి తాకేటా వెళ్ళాను. అతని సందు మొదట్లో కూన్ కొట్టు ఉంది, తమలపాకులకి సున్నం రాస్తూ ఒకావిడ కూర్చుంటుంది. డిస్కు ఆవిడ చేతికిచ్చి కో తాన్‌కి ఇమ్మన్నాను. ఎవరిచ్చారని చెప్పమంటారని అడిగింది. అతనికి తెలుస్తుందన్నాను. నా గొంతు అతని ఫోనుకి పంపాను. సందులోకి వెళ్ళలేదు. అతని ఇంటి తలుపు కనిపించే దూరమే. తిరిగొచ్చే బస్సు ఖాళీగా వచ్చింది.

సంఘంలో కూడా చెప్పాను. మరుసటి ఆదివారమే. ఇప్పుడున్నవాళ్ళలో సగం మందికి కో తాన్ ఎవరో తెలియదు. ఒకాయన, పోనిద్దురూ పాతవన్నీ, అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా తప్పుని అంత తేలిగ్గా పోనివ్వడానికి ఆయనెవరు? బోర్డు దింపమన్నాను. దింపలేదు. నేనే కుర్చీ వేసుకుని ఎక్కి దింపాను. గోడ మీద చదరంగా తెల్లటి మరక మిగిలింది.

చెప్పాక ఏమైంది? ఏమీ కాలేదు. గది అలాగే ఉంది. పోలమ్మ మాటలు నా దగ్గర లేవు. డిస్కు పంపాక నా దగ్గరున్నవి చెరిపేశాను. గది చాలా నిశ్శబ్దంగా ఉంది. అయినా ఒకటి చెప్పాలి. ఆ వేళ అన్నం తింటుంటే అన్నం రుచి తెలిసింది. ఉప్పు తక్కువైందని కూడా తెలిసింది. చాన్నాళ్ళుగా అది తెలియడం లేదని అప్పుడే అర్థమైంది. మంచివాణ్ణయ్యానని కాదు. దాచుకోవాల్సింది ఇంకేమీ లేదంతే.

జవాబు రాదనుకున్నాను. వచ్చింది. తెలుగు అక్షరాల్లో వచ్చింది, నేను దిద్దించినవే. ఒక్కో మాట కూడబలుక్కుని రాసినట్టున్నాడు. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఈసారి ఒక్క వరుస కూడా వదలకుండా:

"బాబాయ్, డిస్కు అందినాది. పెడితే తెరుచుకోనేదు. మీరు నన్ను ఇంకా రెండో నంబరులోనే ఉంచినారు. మా ఇంట్లో మిసనులో నానే మొదటోణ్ని. నానే మార్చుకున్నాను. ఒక్క లైను పని. ఆ రోజు మౌల్మైన్‌కి ఒక్క ఫోను సేసుంటే సెప్పీవోణ్ని. అమ్మ మాట మొత్తం విన్నాను. మా పిల్ల కూడా వింది. అమ్మ సెప్పినాదని మీ కాడికి రానేదు, అమ్మ సెప్పకముందు కూడా వచ్చీవోణ్ని కదా. నాకు రావాలనుండి వచ్చినాను. ఇప్పుడు నేదు. మీరు రాకండి."